నాన్నకి 74 ఏళ్లు, ఊపిరితిత్తిలో రెండు గడ్డలు. ఆపరేషన్‌కి సరే అనొచ్చా?

వంశధార ఒడ్డు (గుణుపురం)

అందరికీ నమస్కారం. రాయగడ జిల్లా గుణుపురం నుంచి రాస్తున్నాను. నాలుగు రోజులుగా రాయాలా వద్దా అనుకుంటూ వచ్చి, ఈ రాత్రి ఇక నిద్ర పట్టక మొదలుపెట్టాను. కాస్త పెద్దదే అయ్యేలా ఉంది, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 74 ఏళ్లు. బియ్యం దుకాణం. మూడేళ్ల క్రితం పురీషనాళం బాగా కింద, మలద్వారానికి దగ్గర్లో క్యాన్సర్ అని తేలింది. రేడియేషన్ ఇచ్చి, తర్వాత విశాఖలో ఆపరేషన్ చేసి ఆ భాగం మొత్తం తీసేశారు. అప్పట్నుంచి మలం పోవడానికి పొట్టకి సంచీ ఉంది. ఆ సంచీ మార్చుకోవడం మొదటి వారంలోనే నేర్చుకుని, ఇవాళ్టికీ అమ్మని కూడా దగ్గరికి రానివ్వరు, తలుపు వేసుకుని తనే మార్చుకుంటారు. మూడు నెలలకి మళ్లీ దుకాణంలో కూర్చున్నారు. పొద్దున్నే నది దాకా నడిచి వస్తారు. షుగర్ ఉంది, బీపీ ఉంది, రెండూ మాత్రలతో అదుపులోనే ఉన్నాయి. చుట్టలు కాల్చేవారు, మానేసి పన్నెండేళ్లయింది.

ఈ మధ్య చెకప్‌లో సీఈఏ (పేగు క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే రక్త పరీక్ష) 3 నుంచి 11కి పెరిగింది. సీటీ తీశారు, ఆ తర్వాత ఒళ్లంతా చూసే పెట్ సీటీ స్కాన్. కుడి ఊపిరితిత్తిలో రెండు గడ్డలు కనిపించాయి. కింది భాగంలో 16 మిల్లీమీటర్లది, పై భాగంలో 9 మిల్లీమీటర్లది. కాలేయంలో లేదు, పాత ఆపరేషన్ చోట లేదు, ఎముకల్లో లేదు. రిపోర్టులో స్టేజ్ నాలుగు అన్న మాట చూసి నాకు కాళ్లు ఆడలేదు.

మొదట చూపించిన ఒక ఆసుపత్రిలో డాక్టర్ ఫైలు మీద వయసు చూసి, "ఈ వయసులో ఆపరేషన్లేంటండీ, ఇంటికి తీసుకెళ్లి ఆయనకి నచ్చింది వండి పెట్టండి" అన్నారు. సీటీ కవరు తెరవనే లేదు. ఇంకో చోట ఛాతీ సర్జన్ ఫిల్ములన్నీ లైటు మీద పెట్టి అరగంట చూసి, "ఈ రెండూ తీయగలిగేలాగే ఉన్నాయి, కీహోల్‌లో ప్రయత్నిస్తాను, కానీ ముందు ఆయన ఊపిరి ఎంత ఉందో చూడాలి" అన్నారు. అదే ఆసుపత్రిలో మందుల డాక్టర్ కీమో మాత్రలతో మొదలుపెట్టి మూడు నెలలు చూద్దాం అంటున్నారు. ముగ్గురు డాక్టర్లు, మూడు దారులు.

ఇంట్లో ఇంకో గొడవ. కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని బావ ఒప్పుకోవట్లేదు. అక్క ఫోన్ చేస్తే ఏడుపే. అమ్మ మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది, డాక్టర్ల సంగతి మీరే చూసుకోండంది. నాన్నకి మాత్రం "ఊపిరితిత్తిలో చిన్న మచ్చలు" అని చెప్పి ఊరుకున్నాం. ఆయన తెలుగు పేపర్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి, నిజంగా నమ్మారో, మా కోసం నమ్మినట్టు ఉంటున్నారో నాకు తెలియదు.

ఈ వయసులో ఊపిరితిత్తి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉన్నారా? తర్వాత మామూలుగా తిరగగలిగారా? చేయించనివాళ్లు ఎందుకు వద్దనుకున్నారు? ధైర్యం చెప్పడానికి కాకుండా, జరిగింది జరిగినట్టు చెప్పండి.

జయపురం కోడలు

తమ్ముడూ, మా అత్తయ్యకి చేయించాం. అప్పుడు ఆవిడకి 71. ముందు కిడ్నీ క్యాన్సర్ వచ్చి ఒక కిడ్నీ తీసేశారు, ఆరేళ్లు ఏమీ లేదు, తర్వాత ఎడమ ఊపిరితిత్తిలో రెండు సెంటీమీటర్ల గడ్డ ఒకటి కనిపించింది. మూడేళ్ల కిందటి మాట ఇది.

మీ నాన్నగారి ఊపిరి చూడాలన్నారు చూడండి, ఆ మాట అన్న డాక్టర్ని వదలకండి. మా అత్తయ్యకి గొట్టంలోకి ఊదే పరీక్ష చేశాక, గుండె స్కాన్ చేశాక, ఆ సర్జన్ ఆవిడ వేలికి ఆక్సిజన్ క్లిప్ పెట్టి ఆసుపత్రి మెట్లు ఎక్కించారు, పక్కన ఆయనా ఎక్కారు. మూడో అంతస్తు దాకా ఆగకుండా వెళ్లింది. పైకెళ్లాక ఆయన క్లిప్ చూసి "అమ్మా, మీకు చేయొచ్చు" అన్నారు. వయసు అడిగింది ఆ తర్వాతే.

ఆపరేషన్‌కి రెండు వారాల ముందు మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు. అత్తయ్య మొదటి మూడు రోజులూ దాంట్లోకి శంఖం ఊదినట్టు ఊదేది, బంతులు కదిలేవి కావు, నా ఊపిరి అయిపోయిందని దిగులు పడింది. తర్వాత తెలిసింది, అది ఊదేది కాదు, లోపలికి పీల్చేది. పెదాలు గట్టిగా బిగించి మెల్లగా పీలిస్తే మొదటి బంతి లేచింది. రెండో వారానికి రెండో బంతి పైనే నిలబెట్టేది. మీరు ఇవాళే ఒకటి కొని మొదలుపెట్టించండి, ఆపరేషన్ చేయించినా చేయించకపోయినా నష్టం లేదు.

కీహోల్‌లో చేశారు. చంక కింద మూడు చిన్న కోతలు, గడ్డ ఉన్న ముక్కని చుట్టూ కాస్త మంచి భాగంతో కలిపి కత్తిరించి తీశారు. బయటికి వచ్చేసరికి పక్కటెముకల మధ్య నుంచి ఒక గొట్టం, దాని చివర మంచం కింద నీళ్ల సీసా. దగ్గినప్పుడల్లా సీసాలో బుడగలు. ఊపిరితిత్తి కుట్టిన చోట గాలి ఇంకా కారుతోందంటే బుడగలొస్తాయట, అవి ఆగితేనే గొట్టం తీస్తారు. మా ఆయనా నేనూ మూడు రోజులు ఆ సీసా దగ్గరే కాపలా. నాలుగో రోజు బుడగలు ఆగాయి, అయిదో రోజు గొట్టం తీశారు, ఏడో రోజు ఇంటికి వచ్చాం.

ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది. రెండో రాత్రి అత్తయ్యకి మతి చెదిరింది. ఎప్పుడో పోయిన వాళ్ల అన్నయ్యని పిలిచింది, చేతికున్న సూది పీకేయబోయింది, నన్ను చూసి నువ్వెవరివే అంది. నేను భయంతో వణికిపోయాను. పెద్దవాళ్లకి పెద్ద ఆపరేషన్ల తర్వాత ఇలా అవుతుందనీ, తగ్గిపోతుందనీ నర్సు చెప్పింది. కళ్లద్దాలు పెట్టి, లైటు వేసి ఉంచి, ఇంట్లోవాళ్లు పక్కనే ఉండి ఇవాళ ఏ వారం, ఎక్కడున్నాం అని మాటిమాటికీ చెబుతూ ఉండమంది. మూడు రోజుల్లో మామూలైంది. మీ నాన్నగారి కళ్లద్దాలు బ్యాగులో అడుక్కి పెట్టకండి.

నొప్పి కూడా చెప్పాలి. కోత నొప్పి పది రోజులే, కానీ పక్కటెముక వెంట మంట, తిమ్మిరి నాలుగు నెలలు ఉంది, జాకెట్టు తగిలినా ఓర్చుకోలేకపోయేది. ఇప్పుడు లేదు. గత ఏడాది అదే పక్క ఇంకో చిన్న గడ్డ కనిపిస్తే దానికి రేడియేషన్ ఇచ్చారు. రోగం పోయిందని చెప్పను. కానీ ఈ మూడేళ్లలో ఇద్దరు మనవరాళ్ల పెళ్లిళ్లకి దగ్గరుండి అరిసెలు వండించింది, ఇవాళ పొద్దున నాతో కూర్చుని చింతపండు గింజలు తీసింది.

పర్లాకిమిడి ఆడపడుచు

నేను పర్లాకిమిడిలో పుట్టాను, పదకొండేళ్లుగా విశాఖలో ఛాతీ ఆపరేషన్ల వార్డులో నర్సుని. డాక్టర్ని కాదు, కాబట్టి చేయించండి, మానండి అని చెప్పను. కానీ రోజూ చూసేది, డాక్టర్లు మాకు నేర్పేది చెబుతాను.

ముందు బావగారి మాట. కత్తి తగిలితే పాకుతుందన్నది నిజం కాదు. పాకింది ఆపరేషన్ వల్ల కాదు, మొదటి క్యాన్సర్ కణాలు ఎప్పుడో రక్తంలో వచ్చి కూర్చున్నాయి, ఇప్పుడు కనబడేంత పెరిగాయి. పెద్దపేగు రక్తం చాలావరకు ముందు కాలేయానికి వెళ్తుంది. పురీషనాళం అడుగు భాగం రక్తం మాత్రం కాలేయం దారి తప్పించి నేరుగా గుండెకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి పోతుంది. అందుకే మీ నాన్నగారికి కాలేయం శుభ్రంగా ఉండి ఊపిరితిత్తిలో కనిపించింది. ఇంకో సంగతి, డాక్టర్లు అనుకుంటున్నట్టు పాతదే అయితే ఇది ఊపిరితిత్తుల క్యాన్సర్ కాదు, పేగు క్యాన్సరే అక్కడికి వచ్చి కాపురం పెట్టింది. మందులు కూడా పేగు క్యాన్సర్‌వే ఇస్తారు.

స్టేజ్ నాలుగు అనగానే అందరికీ ఒకటే దారి కాదు. సర్జన్లు అడిగే ప్రశ్నలు ఎన్నో దశాబ్దాలుగా ఇంచుమించు అవే. మొదటి చోట క్యాన్సర్ అదుపులో ఉందా, ఊపిరితిత్తులు తప్ప ఇంకెక్కడైనా ఉందా, ఉన్న గడ్డలన్నీ ఒక్కటీ మిగలకుండా తీయగలమా, తీశాక మిగిలే ఊపిరితిత్తితో ఆ మనిషి బతకగలడా. మీరు రాసినదాన్ని బట్టి మొదటి రెండింటికీ జవాబు బాగానే ఉంది. మూడోదానికి గడ్డ ఎంత లోతులో ఉందో అడగండి. అంచుకి దగ్గరగా ఉంటే ముక్క కోసి తీస్తారు, పోయే ఊపిరి తక్కువ. లోతుగా పెద్ద గొట్టాల దగ్గర ఉంటే ఒక తమ్మె (ఊపిరితిత్తిలో ఒక పెద్ద భాగం) మొత్తం తీయాల్సి రావచ్చు, 74 ఏళ్ల మనిషికి అది వేరే లెక్క.

నాలుగోది ఊపిరి పరీక్ష. ఎంత గాలి ఊదగలరు, రక్తంలోకి ఆక్సిజన్ ఎంత బాగా దిగుతోంది అని రెండూ చూస్తారు, పేపర్ మీద ఎఫ్ఈవీ1, డీఎల్‌సీఓ అని ఉంటుంది. ఆపరేషన్ తర్వాత మిగలబోయేది ఎంతో లెక్క కడతారు. రెండూ మామూలుగా ఉండాల్సినదాంట్లో 60 శాతం పైన ఉంటే ధైర్యంగా వెళ్తారు, 30 కంటే తగ్గితే చాలా ఆలోచిస్తారు, మధ్యలో ఉంటే జయపురం అక్క చెప్పినట్టు మెట్లు ఎక్కిస్తారు, నడిపిస్తారు. పెద్దవాళ్ల విషయంలో మంచి టీములు ఇంకా కొన్ని చూస్తాయి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవగలరా, ఆరు నెలల్లో బరువు తగ్గారా, జ్ఞాపకం ఎలా ఉంది, ఇంట్లో చూసేవాళ్లెవరు. 80 ఏళ్ల మనిషి నాలుగో రోజు నడుచుకుంటూ ఇంటికెళ్లడం చూశాను, 62 ఏళ్ల మనిషి ఐసీయూ దాటలేకపోవడం కూడా చూశాను. ఫైలు మీద అంకె చూసి వద్దనడం, కవరు తెరవకుండా వద్దనడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక ఆశ ఎంత పెట్టుకోవచ్చన్నది. యూరప్, అమెరికా ఆసుపత్రులు కలిసి 1997లో 5,206 మంది లెక్క బయటపెట్టాయి, రకరకాల క్యాన్సర్లు ఊపిరితిత్తులకి వచ్చి ఆపరేషన్ అయినవాళ్లది. అన్నీ పూర్తిగా తీయగలిగినవాళ్లలో అయిదేళ్ల తర్వాత నూటికి 36 మంది ఉన్నారు, పూర్తిగా తీయలేనివాళ్లలో 13 మంది. మొదటి క్యాన్సర్‌కీ దీనికీ మధ్య మూడేళ్లు, అంతకు మించి గడిచినవాళ్లలో 45 మంది. ఆపరేషన్ వల్లే పోయినవాళ్లు నూటికి ఒకరు. ఇది చదివి సంబరపడొద్దు, వాళ్లంతా ఆపరేషన్‌కి పనికొస్తారని ఏరిన మనుషులు, ఏరినవాళ్లు ఎలాగైనా కొంత బాగానే ఉంటారు. అందుకే బ్రిటన్ డాక్టర్ల ఆధ్వర్యంలో పేగు క్యాన్సర్ వాళ్లనే తీసుకుని, చీటీ తీసినట్టు కొందరికి ఆపరేషన్ చేసి, కొందరికి చేయకుండా చూశారు. చేరినవాళ్లు వంద మందికి కూడా చేరక అది మధ్యలో ఆగిపోయింది, ఉన్నంతలో రెండు గుంపుల మధ్య స్పష్టమైన తేడా కనబడలేదు. ఆపరేషన్ చేయించుకోనివాళ్లు కూడా అనుకున్నదానికంటే ఎక్కువ కాలం ఉన్నారు. కాబట్టి మీ మందుల డాక్టర్ మూడు నెలలు ఆగి చూద్దాం అనడం చేతకానితనం కాదు. ఆ మూడు నెలల్లో కొత్తవి పుట్టుకొస్తే, అనవసరంగా కోసేవాళ్లం కదా అని తెలుస్తుంది.

సర్జనూ మందుల డాక్టరూ రేడియేషన్ డాక్టరూ ఒకేసారి కూర్చుని కేసు చూసే ట్యూమర్ బోర్డు ఉంటుంది, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో వారం వారం పెడతారు, అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట. మీరు ముగ్గురి మధ్యా ఫైలు పట్టుకు తిరిగే బదులు, మా కేసు బోర్డులో పెట్టండి అని నోరు తెరిచి అడగండి.

రాయగడ కాలనీ

అన్నా, అందరూ క్యాన్సర్ అని ఖాయం చేసేసుకున్నారు గానీ, ముక్క పరీక్ష జరిగిందా? మా బాబాయికి పెద్దపేగు ఆపరేషన్ అయిన రెండేళ్లకి ఊపిరితిత్తిలో గడ్డ, పెట్ స్కాన్‌లో దీపంలా వెలిగింది, ఇంటిల్లిపాదీ ఏడ్చేశాం. సూది పెట్టి ముక్క తీసి చూస్తే టీబీ. ఆరు నెలలు మాత్రలు మింగాడు, గడ్డ కరిగిపోయింది. మన వైపు టీబీ ఎంతుందో మీకు తెలుసు కదా, పెట్‌లో అదీ వెలుగుతుందట. తప్పకుండా అడగండి.

డబ్బు సంగతి మీరు రాయలేదు గానీ చెబుతాను. ఆంధ్ర ప్రభుత్వ వైద్యం కార్డు ఒడిశా వాళ్లం మనకి పనికిరాదు, విశాఖలో కౌంటర్ దగ్గర నిలబడి ఈ మాట విన్నప్పుడు మా బాబాయి మొహం నేను మర్చిపోలేను. ఇప్పుడు పరిస్థితి మారింది. ఒడిశా 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. 70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఉంది, ఆధార్‌లో వయసుంటే చాలు, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రి ఏ రాష్ట్రంలోదైనా సరే. మీరు వెళ్లే ఆసుపత్రి అందులో ఉందో లేదో, ఈ ఆపరేషన్ దాని కింద వస్తుందో లేదో చేరక ముందే అక్కడి ఆరోగ్య మిత్రని అడిగి తేల్చుకోండి. రైలుకి కూడా రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ఫారం మీద సంతకం, సీలు ఉంటే వైద్యానికి వెళ్లే క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు. మేం ఇది తెలియక ఏడాది పాటు పూర్తి టికెట్ కొన్నాం.

పర్లాకిమిడి ఆడపడుచు

టీబీ గురించి తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం, నేనే రాయాల్సింది. అయితే ఇక్కడ సీఈఏ కూడా పెరిగింది, అందువల్ల క్యాన్సర్ అనుమానమే ఎక్కువ. ఆయన చుట్టలు కాల్చేవారు కాబట్టి కొత్తగా ఊపిరితిత్తిలోనే పుట్టిన క్యాన్సరా అని కూడా చూడాలి, దానికి ఆపరేషన్ పద్ధతి వేరు. 9 మిల్లీమీటర్ల గడ్డకి సూది తగలడం కష్టం, ఒక్కోసారి ఆపరేషన్‌లో తీసిన ముక్కనే అప్పటికప్పుడు ల్యాబ్‌కి పంపి తేలుస్తారు. మీ విషయంలో ఏది చేస్తారో అడగండి.

బరంపురం నుంచి

రాయకుండా ఉందామనుకున్నాను. కానీ మీరు జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు.

మా నాన్నకి 78. పెద్దపేగు క్యాన్సర్ అయిన పది నెలలకే ఊపిరితిత్తుల్లో రెండు వైపులా కలిపి నాలుగు. ముందు కుడి వైపు తీసి, రెండు నెలల తర్వాత ఎడమ వైపు అన్నారు. కుడి వైపు కీహోల్ కాకుండా ఛాతీ తెరిచే చేశారు, లోపల వేళ్లతో తడిమి స్కాన్‌లో లేనిది ఇంకొకటి కూడా తీశారు. సర్జన్ పనిలో లోపం లేదు, మనసులో మాట చెబుతున్నాను. కానీ నాన్న కోలుకోవడానికే మూడు నెలలు పట్టింది, న్యుమోనియా వచ్చింది, బరువు తొమ్మిది కిలోలు తగ్గారు. ఎడమ వైపుకి వెళ్లేలోపు రెండు వైపులా కొత్తవి వచ్చేశాయి. ఆపరేషన్ అయిన పద్నాలుగు నెలలకి పోయారు. ఆ పద్నాలుగు నెలల్లో సగం మంచం మీదే గడిచింది.

నాకు మిగిలిన బాధ ఆపరేషన్ చేయించినందుకు కాదు. ఆయనకి చెప్పకుండా చేయించాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, తీయాలి అని అబద్ధం చెప్పాం. అన్నదమ్ములం ముగ్గురం బయట బెంచీ మీద కూర్చుని ఆయన ఒంటి గురించి తీర్మానం చేశాం. ఆఖరి నెలలో ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని, "ముందే చెప్పుంటే ఆ డబ్బుతో ఒకసారి కాశీ వెళ్లొచ్చేవాణ్ణి కదరా" అన్నారు. అంతే అన్నారు, కోప్పడలేదు. నేను ఇప్పటికీ ఆ మాట దాటి ముందుకి వెళ్లలేకపోతున్నాను. మీ నాన్నగారికి రెండే గడ్డలు, మూడేళ్లు గడిచింది, మా నాన్నకంటే మీ పరిస్థితి చాలా మెరుగు, బహుశా చేయిస్తేనే మంచిదేమో కూడా. కానీ ఆయన్ని అడగండి. దయచేసి అడగండి.

ఇంకొకటి, కొయ్యకుండా గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ ఉందని మాకు తర్వాత తెలిసింది. అది కూడా ఒక దారేనా అని అడిగి చూడండి.

పర్లాకిమిడి ఆడపడుచు

అన్నయ్యా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆ రేడియేషన్‌ని ఎస్‌బీఆర్‌టీ అంటారు. నాలుగైదు విడతల్లో ఎక్కువ డోసు గడ్డ మీదికే గురిపెట్టి ఇస్తారు. మత్తు అక్కర్లేదు, గొట్టాలు ఉండవు, ఇచ్చిన రోజే ఇంటికి వెళ్లొచ్చు. ఆపరేషన్‌కి ఊపిరి చాలనివాళ్లకి ముందుగా గుర్తుకొచ్చేది అదే. అయిదులోపు గడ్డలున్న 99 మంది మీద చేసిన ఒక పరీక్షలో, ఇది కలిపి ఇచ్చినవాళ్లలో అయిదేళ్ల తర్వాత నూటికి 42 మంది, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 18 మంది ఉన్నారు. రకరకాల క్యాన్సర్లు కలిసిన చిన్న పరీక్ష అది, అందులో ఈ రేడియేషన్ వల్ల ముగ్గురు చనిపోయారు కూడా, అదీ తెలియాలి. చిన్న గడ్డల్ని సూదితో వేడి పెట్టి కాల్చే పద్ధతి కూడా ఉంది, మూడు సెంటీమీటర్లలోపు వాటికి బాగా పనిచేస్తుంది. ఏదైనా సరే, మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీటీ తప్పదు, ఎందుకంటే ఆపరేషన్ అయినవాళ్లలో కూడా సగం మందికి పైగా మళ్లీ ఎక్కడో ఒకచోట వస్తుంది.

వంశధార ఒడ్డు (గుణుపురం)

ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. మీ అందరి మాటలూ అక్కకీ బావకీ చదివి వినిపించాను. బరంపురం అన్నయ్య రాసింది చదువుతుంటే బావ మధ్యలో లేచి వెళ్లిపోయారు, కాసేపటికి వచ్చి, "మావయ్యకి నువ్వే చెప్పు, నేను పక్కన ఉంటాను" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసే వేళకి వెళ్లాం. నాన్న తూకం పళ్లెం గుడ్డతో తుడుస్తున్నారు. చెప్పాను. మచ్చలు కావు నాన్నా, పాతదే ఊపిరితిత్తిలోకి వచ్చింది, రెండున్నాయి, తీయొచ్చంటున్నారు, తీయకుండా మందులతోనూ చూడొచ్చంటున్నారు, రేడియేషన్ కూడా ఉంది, తీసినా మళ్లీ రావచ్చు, అని ఉన్నదంతా. తుడవడం ఆపలేదు. చివరికి ఒక్కటే అడిగారు, "మళ్లీ ఇంకో సంచీ పెడతారా?" అని. పెట్టరు నాన్నా, నాలుగైదు రోజులు గొట్టం ఒకటి ఉంటుంది, తర్వాత తీసేస్తారు అన్నాను. అప్పుడు చేతిలో గుడ్డ మడిచి పక్కన పెట్టి, "పెట్టనప్పుడు చూద్దాం, ముందు నా ఊపిరి ఎంతుందో వాళ్లని చూడనీ, చాలకపోతే ఆ రేడియేషన్ అడుగు, నన్ను మంచం మీద వెయ్యొద్దు" అన్నారు. మూడేళ్లుగా ఆ సంచీ ఆయన్ని అంత బాధ పెడుతోందని మాకు ఎవరికీ తెలియదు.

మంగళవారం విశాఖ పాసింజర్‌కి బయలుదేరుతున్నాం. బుధవారం ఊపిరి పరీక్షలు, గుండె స్కాన్. కేసు బోర్డులో పెట్టమని ఫోన్లోనే అడిగాను, శుక్రవారం కూర్చుంటారట. ముక్క పరీక్ష గురించి కూడా అడిగాను, బోర్డులో తేలుస్తామన్నారు. ఆయుష్మాన్ కార్డు నిన్ననే చేయించాను. మూడు బంతుల పరికరం గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నారు, బేరం లేనప్పుడు పీలుస్తున్నారు, ఇవాళ రెండో బంతి సగం దాకా లేచింది.

ఒక్క ప్రశ్న మిగిలింది. గుండెకి మంచిదని ఆయన రోజూ రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటారు. పరీక్షలకి వెళ్లే ముందు అది ఆపాలా?

పర్లాకిమిడి ఆడపడుచు

మీ అంతట మీరు ఆపకండి. ఊపిరి పరీక్షకి, గుండె స్కాన్‌కి దాంతో అడ్డం లేదు. సూదితో ముక్క తీసేటప్పుడూ ఆపరేషన్‌కీ మాత్రం కొన్ని రకాలు కొన్ని రోజుల ముందు ఆపాలి, ఏది ఎప్పుడు ఆపాలో సర్జనూ గుండె డాక్టరూ కలిసి చెప్తారు, అందుకని ఆ మాత్ర అట్టే తీసుకెళ్లి చూపించండి. పాత సీటీలన్నీ, మూడేళ్ల కిందటిదాంతో సహా, సీడీలతో పట్టుకెళ్లండి, రిపోర్టు కాగితాలు ఒక్కటే సరిపోవు. బుధవారం పొద్దున ఇడ్లీ తక్కువగా పెట్టండి, కడుపు నిండా తింటే గొట్టంలోకి ఊదలేరు.